ప్లగ్గు బండి

పొద్దున్నే నీళ్ళు కాచి చల్లార్చడం నాకు మూడేళ్ళుగా అలవాటు. ఆక్సిజన్ మిషనుకు పక్కన ఒక చిన్న సీసా ఉంటుంది. గాలి ఆ నీళ్ళలోంచి బుడగలు బుడగలుగా వస్తేనే ముక్కు ఎండిపోకుండా ఉంటుంది. రోజూ పాత నీళ్ళు పారబోసి, సీసా కడిగి, గీత దాకా కొత్త నీళ్ళు పోసి, మా ఆయన మంచం పక్కన కూర్చుని బిగించేదాన్ని. "చెయ్యి వణుకుతోందేమే, జబ్బు నీకా నాకా?" అనేవారు. ఇప్పటికీ నీళ్ళు కాస్తున్నాను, సీసా కడుగుతున్నాను. బిగించేది మాత్రం నేను కాదు. మా అమ్మాయి సానియా ఆ సీసా పట్టుకుని నడవ దాటి అవతలి వాటాలోకి వెళ్తుంది. మిషను ఇప్పుడు అక్కడుంది. దాన్ని పెట్టుకునే మనిషి మారాడు.

ఆ మనిషి మా బావగారు నాగుల్ మీరా. మా ఆయన అబ్రార్‌కు అన్న. ఆయన గురించి రాద్దామనే కూర్చున్నాను. ఆయన గురించి రాయాలంటే కారు గురించి రాయాలి, కారు గురించి రాయాలంటే ఆ రోజు గురించి కూడా రాయక తప్పదు.

మా ఇల్లు బందరు చిలకలపూడిలో. మామగారిది గిల్టు నగల పని. ఇంటి ముందు రేకుల షెడ్డు, అందులో ఆసిడ్ తొట్లు. అన్నదమ్ములిద్దరూ బడికి వెళ్ళే వయసు నుంచే ఆ పొగలో కూర్చుని గాజులు కడిగారు. మా ఆయన అక్కడే ఉండిపోయారు. బావగారు మాత్రం పంతొమ్మిదో ఏట ఒక రోజు పొద్దున టీ తాగి వస్తానని వెళ్ళి లారీ ఎక్కేశారు. మళ్ళీ పదకొండు నెలలకి వచ్చారు. "టీ తాగడం అయిందా?" అని మామగారు అడిగారట. "అయింది నాన్నా, కొంచెం వేడిగా ఉంటే చల్లారేదాకా ఆగాను" అన్నారట ఈయన. మా అత్తగారు ఈ మాట చెప్పి నవ్వని రోజు లేదు.

లారీ మీద క్లీనరుగా చేరి డ్రైవరయ్యారు. పెళ్ళయ్యాక దూరాలు వద్దనుకుని అవనిగడ్డలో ఒక డీజిలు వ్యాను పెట్టుకున్నారు. ముప్పై ఏళ్ళు దివిసీమంతా తిరిగారు. కోడూరు, నాగాయలంక, వాటి మధ్య ఊళ్ళు. పెళ్ళిళ్ళకి, పురుళ్ళకి, ఆస్పత్రులకి అదే వ్యాను. నీ బండిలో సీట్లెన్ని అని ఎవరైనా అడిగితే చెప్పేవారు కాదు. "మీరెంతమంది?" అని ఎదురు అడిగేవారు. రోడ్డు పక్కన చెయ్యెత్తిన మనిషిని దాటిపోవడం ఆయనకి చేతకాదు. చెయ్యెత్తకపోయినా ఆపేవారు. "ఏం బావా, బస్సు కోసమా? అది నిన్ననే వెళ్ళిపోయింది, ఎక్కెక్కు!" అనేవారు.

నాగాయలంక నుంచి ఒక పెళ్ళివారిని తీసుకొస్తూ దారిలో ఇద్దరు ముసలమ్మల్ని, ఒక డ్రమ్ము వాయించేవాణ్ణి, ఒక దూడనీ ఎక్కించుకున్నారు. చోటు చాలక పెళ్ళికొడుకు డ్రమ్ము మీద కూర్చుని వచ్చాడు. పెళ్ళికొడుకు తండ్రి గోవర్ధనరావు గారు దిగీదిగగానే, "మీరా, మావాణ్ణి పెళ్ళికి తెచ్చావా, మేళానికి తెచ్చావా?" అని గొంతు చించుకున్నారట. ఆయనే తర్వాత వాళ్ళ ముగ్గురు ఆడపిల్లల పెళ్ళిళ్ళకీ మా బావగారి బండే మాట్లాడారు.

మా తోటికోడలు పోయాక బావగారు ఒంటరి అయ్యారు. అవనిగడ్డలో ఇల్లు ఖాళీ చేసి బందరు వచ్చి, మా ఇంట్లోనే అవతలి వాటాలో ఉన్నారు. వ్యాను మాత్రం వదల్లేదు.

కిందటేడు వానల చివర్లో వచ్చిన తుఫానుకి ముందురోజు సాయంత్రమే కరెంటు పోయింది. ఇన్వర్టరు తెల్లారేదాకా లాగింది. తెల్లారాక, ఇంట్లో ఉన్న ఒక్క సిలిండరూ మా ఆయన ముక్కుకి పెట్టి, వ్యాన్లో పడుకోబెట్టి విజయవాడ బయల్దేరాం. సిలిండరు నాలుగు గంటలు వస్తుంది. దారి రెండు గంటలు. బావగారే నడిపారు. గూడూరు దాటుతుండగా కూలిన గుడిసె పక్కన ఇద్దరు ముసలివాళ్ళు తడిసి నిలబడి ఉన్నారు. వాళ్ళు చెయ్యెత్తలేదు. బావగారు ఆపారు. వాళ్ళనీ, వాళ్ళ మూటల్నీ, ఒక మేకపిల్లనీ ఎక్కించేసరికి పావుగంట పట్టింది. నేను మా ఆయన తల ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాను. ఏమీ అనలేదు.

పామర్రు ఇవతల రోడ్డుకి అడ్డంగా పెద్ద చెట్టు పడి ఉంది. మా ముందు ఆగిన లారీ డ్రైవరు, "ఇప్పుడేనండీ, పది నిమిషాలు కాలేదు పడి" అన్నాడు.

అక్కడ ఐదు గంటలు ఉన్నాం. మా వెనక ఇంకో చెట్టు పడింది. మిషను నా కాళ్ళ దగ్గరే ఉంది. ఆస్పత్రిలో మన మిషను మనకుంటే మంచిదని నేనే తెచ్చాను. వైరు చుట్టి దాని మీదే ఉంది. ప్లగ్గు పెట్టడానికి గోడ లేదు. సిలిండరు ముల్లు దిగుతూ దిగుతూ సున్నా దగ్గరికి వచ్చింది. చెట్టు తీసేసరికి మా ఆయన లేరు.

ఆ పావుగంట మాట మా ఇంట్లో ఎవరూ ఎత్తలేదు. బావగారు వ్యాను అమ్మేశారు. నెల తిరక్కుండానే ఆయనకీ ఊపిరి అందడం మానేసింది. ఎప్పట్నుంచో ఆయాసం ఉందట, డీజిలు పొగ అని చెప్పి దాచుకున్నారు. డాక్టరు ఎక్స్‌రే ఫోటోలు చూసి, తమ్ముడిదీ అన్నదీ ఒకటే జబ్బన్నాడు. రోజుకి పదహారు గంటలు మిషను ఉండాలన్నాడు. ఇంట్లో మిషను ఖాళీగానే ఉంది.

నేనప్పుడు ఇద్దత్‌లో ఉన్నాను. భర్త పోయిన ఆడమనిషి నాలుగు నెలల పది రోజులు గడప దాటకూడదు, పరాయి మగవాళ్ళ ఎదట పడకూడదు. బావగారు కూడా ఆ లెక్కలోకే వస్తారు. మా వాటాకీ ఆయన వాటాకీ మధ్య తలుపుకి పరదా కట్టాం. నేను చెప్పాల్సింది సానియా వెళ్ళి చెప్పేది, ఆయన చెప్పేది మోసుకొచ్చేది. నిజానికి అంతకుముందు కూడా నేను ఆయనతో పెద్దగా మాట్లాడింది లేదు. కూర ఎలా ఉందని కూడా మా ఆయన ద్వారానే అడిగేదాన్ని.

బావగారి ఒక్కగానొక్క కొడుకు ఫైసల్. ముదినేపల్లిలో చేపల చెరువులు చేస్తాడు. తుఫాను రోజున చెరువు గట్లు తెగి రాలేకపోయాడు. ఆ బాధ వాడికీ ఉంది. జనవరిలో ఒక ఆదివారం కార్ల బొమ్మలున్న రెండు రంగు పుస్తకాలు పట్టుకుని వచ్చాడు.

"నాన్నా, ఇంటికి బండి లేకుండా కుదరదు. ఇక్కడే పెడతాను. ఎప్పుడు ఏ అవసరం వచ్చినా నడపడానికి డ్రైవరు చిన్నబాబు పక్క వీధిలోనే ఉన్నాడు. రెండు చూశాను. నువ్వు ఏదంటే అదే."

నేను పరదా ఇవతల టీ వడపోస్తున్నాను.

మొదటిది పెద్ద పెట్రోలు బండి. ఏడు సీట్లు, నేల నుంచి బాగా ఎత్తు. రెండోది కొత్తగా వచ్చిందట. ఐదు సీట్లే. పెట్రోలూ పోయొచ్చు, ఇంట్లో ప్లగ్గు పెట్టి చార్జింగూ చేసుకోవచ్చు.

"దీంట్లో ఇంకోటుంది నాన్నా. లోపల ఇంట్లో ఉన్నట్టే కరెంటు పాయింటు ఉంటుంది. మంగినపూడి వెళ్తే బీచిలో రైస్ కుక్కరు పెట్టుకోవచ్చంట!"

"అన్నం వండుకోడానికి కారెందుకురా, ఇల్లుందిగా. ఎంతమంది పడతారన్నావు?"

"ఐదుగురు."

"ఐదుగురా? ఆటోలోనే తొమ్మిదిమంది పడతారు కదరా! పెద్దది చెప్పు. ఎత్తుంది, నీళ్ళలో ఆగదు, అందరం పడతాం. ఈ చార్జింగు బండి బొమ్మకారు. పక్కన పెట్టు."

వాళ్ళిద్దరూ రైస్ కుక్కరు గురించి నవ్వుకుంటున్నారు. నాకు చేతిలో గిన్నె కదల్లేదు. లోపల ఇంట్లో ఉన్నట్టే పాయింటు. గ్లాసుల్లో టీ చల్లారిపోయేదాకా అదే మాట చెవిలో తిరిగింది.

సానియాని పిలిచి చెప్పాను. "పెదనాన్నకి చెప్పు. అమ్మ ప్లగ్గు బండే తీసుకోమంటోందని. ఖచ్చితంగా అదే అని చెప్పు."

అది వెళ్ళి చెప్పింది. అవతల బావగారి గొంతు ఒక్కసారి లేచింది. "చూశావురా! మీ పిన్నికి తెలిసింది నీకు తెలీదు. సఫియా కూడా ప్లగ్గు బండే అంది. ఇంకేం, కట్టెయ్ బుకింగు!"

అంత సులువుగా ఒప్పుకుంటారని నేననుకోలేదు. రెండు రోజులు ఆ తృప్తితోనే పని చేసుకున్నాను. మూడో రోజు షోరూము నుంచి ఫణీంద్ర అనే అబ్బాయి సానియా ఫోనుకి రంగులు చూసుకోమని ఫోటోలు పంపాడు. సానియా చూసి, "అమ్మా, ఇది పెద్ద బండి కదా" అంది.

తప్పెక్కడ జరిగిందో సానియాయే అడిగి వచ్చి చెప్పింది. డీజిలు ఇంజనుకి ప్లగ్గులుండవట. నిప్పురవ్వ కోసం ప్లగ్గులుండేది పెట్రోలు ఇంజనుకే. అందుకని డీజిలు బండ్లవాళ్ళు పెట్రోలు బండిని ప్లగ్గుల బండి అంటారు. బావగారు నలభై ఏళ్ళు అలాగే అన్నారు. నేనన్న ప్లగ్గు గోడకి పెట్టేది. ఆయన విన్న ప్లగ్గు ఇంజన్లో ఉండేది. పైగా నేనే ఖచ్చితంగా అని చెప్పి పంపాను.

ఫణీంద్ర ఇంకో మాట కూడా చెప్పాడట. గురువారం సాయంత్రం లోపు మార్చుకోకపోతే బండి మా పేరు మీద బయల్దేరిపోతుందని. అది మంగళవారం.

సానియాని మళ్ళీ పంపబోయి ఆగాను. ఈ మాట మోసుకెళ్ళే మాట కాదు. పరదా దగ్గరికి వెళ్ళి నిలబడ్డాను. అవతల మిషను చప్పుడు, సీసాలో బుడగల చప్పుడు.

"బావగారూ."

కుర్చీ కదిలింది. "సఫియా? ఏమ్మా, నువ్వేనా?"

"నేను చెప్పింది ఆ బండి కాదండీ. రెండోది. చార్జింగు పెట్టేది."

"అదేంటమ్మా, ప్లగ్గు బండన్నావుగా..." అని ఆగారు. ఆయనకి అర్థమైపోయిందని తెలిసింది. "మిషను కోసమా?"

"అవునండీ. బండి ఆగిపోయినా పెట్టుకోవచ్చు. పెద్దదాంట్లో ఫోను చార్జింగు పాయింటే ఉంటుందంట."

"ఇంకో రెండు సిలిండర్లు వేసుకుంటే సరిపోదా?"

"ఎన్ని వేసుకున్నా ముల్లు దిగుతుంది బావగారూ."

ఆయన నెమ్మదిగా అన్నారు. "ఆ రోజు బండిలో పాయింటు ఉండుంటే అనుకుంటున్నావు. లేకపోతే, నేను గూడూరులో ఆపకుండా ఉండుంటే అనుకుంటున్నావు. రెండోదే కదమ్మా నీ మనసులో ఉంది?"

కాదండీ అని వెంటనే అనాల్సింది. కానీ అనుకున్నాను. ఒక రోజు కాదు, చాలా రోజులు అనుకున్నాను.

ఆయన నా జవాబు కోసం ఆగలేదు. "ఐదుగురు పట్టే బండిలో నేను, నా మిషను, నువ్వు, పిల్ల, నడిపే చిన్నబాబు. అక్కడితో సరి. దారిలో ఇంకెవరన్నా నిలబడి ఉంటే తల తిప్పుకుని వెళ్ళిపోవాలి. నా ఊపిరి కోసం అలా వెళ్ళిపోవాలా? అలాంటి ఊపిరి నేనేం చేసుకోను?"

ఆయన గొంతులో ఆయాసం పెరిగింది. ఇంకా మాట్లాడనిస్తే మంచిది కాదు. నేను అన్నాను, "ముందు అది మిషనుని నడుపుతుందో లేదో చూద్దామండీ. నడపకపోతే పెద్దదే ఉంచండి. నేను మళ్ళీ మాటెత్తను."

"ఎంతసేపు నడపాలి?"

"ఐదు గంటలు."

ఆయన ఎందుకని అడగలేదు. "సరే. ఐదు గంటలు" అన్నారు.

గురువారం పొద్దున తొమ్మిదిన్నరకి ఫణీంద్ర గుడివాడ నుంచి ఆ బండి తీసుకుని వచ్చాడు. వెనకే ఫైసల్ వచ్చాడు, బకెట్లో నాలుగు కొరమేనులతో. "పిన్నీ, చెరువులోవి, బతికే ఉన్నాయి. మధ్యాహ్నానికి పులుసు పెట్టు" అన్నాడు. బకెట్ నూతి గట్టు దగ్గర పెట్టించి, నేను కిటికీ దగ్గర నిలబడ్డాను.

తుఫాను రోజున ఎలా ఉంటుందో అలాగే ఉండాలని బావగారు వెనక సీట్లో కూర్చున్నారు. కాళ్ళ దగ్గర మిషను. వైరు బండి లోపలి పాయింటులో పెట్టారు. మిషను ఒకసారి కూత పెట్టి మొదలైంది.

"చూశారాండీ! అంతే!" అన్నాడు ఫణీంద్ర. "పది నిమిషాలు చూసి తృప్తిపడితే నేను కాగితాలు..."

"ఐదు గంటలు" అంది సానియా, నేను చెప్పినట్టే.

"ఐదు గంటలాండీ? అమ్మాయిగారూ, కారు కొనేవాళ్ళు మహా అయితే అరగంట తిప్పి చూస్తారు. నేను బ్రాంచికి ఏం చెప్పుకోను?"

"బందరులో చెట్టు పడిందని చెప్పు" అన్నారు బావగారు లోపల్నుంచి. ఫణీంద్ర నవ్వాడు. ఫైసల్ నవ్వలేదు.

ఎదురింటి అరుణకుమారి గాజులకి మెరుగు పెట్టే పని ఆపి గుమ్మంలోకి వచ్చి కూర్చుంది. "మీరా అన్నయ్యా, కొత్త పెళ్ళికొడుకులా ఉన్నావు. ఊరేగింపు ఎప్పుడు?" అంది. "ముందు బండి కదలనియ్యి చెల్లమ్మా, అది కదలకుండా ఉండడం చూడ్డానికే కొంటున్నారు మావాళ్ళు" అన్నారాయన.

పదిన్నర దాటింది. నేను చేపల కోసం కత్తిపీట తీద్దామని లోపలికి తిరిగాను. అంతలో వీధిలో మిషను గట్టిగా అరిచింది. కరెంటు పోయినప్పుడు అరిచే అరుపు. ఆగకుండా అరిచేది. తుఫాను రోజు తెల్లవారుజామున ఇన్వర్టరు ఆగినప్పుడు విన్నదే. తర్వాత కారు లైట్లన్నీ ఆరిపోయాయని సానియా కేక.

నేను ఎలా వెళ్ళానో నాకు తెలీదు. తెలిసేసరికి వీధిలో కారు తలుపు పట్టుకుని ఉన్నాను. "సఫియా! బయటికొచ్చావే!" అని అరుణకుమారి అరిచింది. బావగారు ముక్కు దగ్గర గొట్టం చేత్తో పట్టుకుని, నా మొహం వంక చూశారు. నాలుగు నెలల తర్వాత ఎదురెదురుగా చూసుకోవడం అదే.

"ఉన్నానమ్మా" అన్నారు. "ఇంకా ఉన్నాను. కంగారుపడకు. గంటో గంటన్నరో లేకపోయినా ఏం కాదన్నాడుగా డాక్టరు."

ఫణీంద్ర చెమటలు కక్కుతూ ఎవరికో ఫోను చేశాడు. కదలకుండా గంట ఉంటే బండి తనంతట తానే ఆగిపోతుందట. బ్యాటరీ దండగ కాకుండా అలా పెట్టారట. తెర మీద ఒక చోట నొక్కి ఆ ఏర్పాటు తీసేస్తే ఇక ఆగదట.

"ఇదే తుఫానులో అయితే?" అన్నాడు ఫైసల్. వాడి మొహం ఎర్రబడింది. "నొక్కడం ఎవరికి తెలుస్తుంది? పిన్నీ, నీ మాట కోసం ఇంతదాకా వచ్చాను. దీన్ని నమ్ముకుని నాన్నని ఎక్కించమంటావా? నావల్ల కాదు. పెద్ద బండే రానీ. సాయంత్రం లోపు చెప్పాల్సింది కూడా ఏమీ లేదు."

వాడన్నది తప్పు కాదు. కానీ ఇంట్లో విన్నప్పుడు ఆ అరుపుకి చెయ్యగలిగింది ఏమీ లేకపోయింది. ఇక్కడ నొక్కడానికి ఒకటుంది.

"ఎక్కడ నొక్కాలో నాకు చూపించు బాబూ" అన్నాను ఫణీంద్రతో. చూపించాడు. నేనే నొక్కాను. రెండోసారి తీసి, మళ్ళీ నేనే నొక్కాను. సానియా చేత నొక్కించాను. మిషను మళ్ళీ మొదలైంది.

"మళ్ళీ మొదట్నుంచి లెక్క పెట్టండి. ఐదు గంటలు."

"అమ్మగారూ!" అన్నాడు ఫణీంద్ర.

"ఏవయ్యా ఫణీంద్రా," అన్నారు బావగారు, "నువ్వు మాంసాహారివేనా? భోజనం ఇక్కడే."

నేను లోపలికి వెళ్ళలేదు. ఇంకా పద్దెనిమిది రోజులున్నాయి ఇద్దత్‌కి. అల్లాకి తెలుసు నేను ఎందుకు గడప దాటానో. సానియా కుర్చీ తెచ్చి వేసింది. తెరిచిన కారు తలుపు దగ్గర, ఆయనకి ఎదురుగా, తల మీద కొంగు సర్దుకుని కూర్చున్నాను. మధ్యాహ్నం సానియా అన్నం, పప్పుచారు వండి అందరికీ పెట్టింది. ఫైసల్ తిని, ఎవరితో మాట్లాడకుండా వీధి చివరికి వెళ్ళి ఫోను చూసుకుంటూ నిలబడ్డాడు.

రెండు దాటాక బావగారు ఉన్నట్టుండి అన్నారు. "గూడూరు వెళ్ళొచ్చానమ్మా. నెల కిందట. చిన్నబాబు బండి మీద."

నేను తలెత్తి ఆయన వంక చూశాను.

"ముసలాయన పేరు దేవసహాయం. ఇద్దరూ బాగున్నారు. రేకులు వేసుకున్నారు. మేకపిల్ల కూడా ఎదిగింది. కాళ్ళు పట్టుకున్నంత పని చేశారు." ఆగి ఊపిరి తీసుకున్నారు. "ఆ పడుకున్న బాబు ఎలా ఉన్నాడని అడిగారు. బాగున్నాడని చెప్పాను."

మిషను నడుస్తూనే ఉంది.

"ఇంకేం చెప్పను సఫియా? మీకోసం ఆపాను, మా తమ్ముడు పోయాడని చెప్పనా? వాళ్ళు ఏం చేశారు? ఆపింది నేను. వాడు నా వెనకే ఉన్నాడు. ఆపేముందు ఒక్కసారి వెనక్కి తిరిగి వాణ్ణి అడగలేదు. నలభై ఏళ్ళ అలవాటు, కాలు బ్రేకు మీదకి వెళ్ళిపోయింది."

అప్పుడు నేను చెప్పాను. నాలుగు నెలలుగా నా దగ్గరే పెట్టుకున్న మాట అది.

"మీరు ముందున్నారు. మీకు కనపడి ఉండదు. బండి ఆగగానే ఆయన కళ్ళు తెరిచి ఎవరని అడిగారు. ఎవరో ముసలివాళ్ళండీ అన్నాను. కాళ్ళు ముడుచుకున్నారు బావగారూ. వాళ్ళకి చోటిచ్చారు. ఆ మేకపిల్ల ఆయన పాదాల దగ్గరే పడుకుంది. అన్నయ్య ఆపకుండా ఉంటాడా అని నవ్వారు. వద్దనాలని నేను నోరు తెరవబోతే చెయ్యి నొక్కారు."

ఆయన నన్నే చూస్తున్నారు.

"ఇన్నాళ్ళూ ఎందుకు చెప్పలేదమ్మా?"

"చెప్తే మీకు బరువు తగ్గుతుందని తెలుసు" అన్నాను. "తగ్గకూడదనుకున్నాను."

ఇది రాయడానికి సిగ్గుగానే ఉంది. కానీ అన్నది అదే. ఆయన కోప్పడలేదు. తల వెనక్కి ఆనించి కళ్ళు మూసుకున్నారు. చెంపల మీద నీళ్ళు గొట్టం దాకా జారాయి. తుడుచుకోలేదు. నేనూ తుడుచుకోమని అనలేదు. ఎదురింటి గుమ్మంలో అరుణకుమారి లేచి లోపలికి వెళ్ళిపోయింది.

చాలాసేపటికి నేనే అన్నాను. "ఈ బండే తీసుకోండి. దారిలో ఎవరుంటే వాళ్ళని ఎక్కించుకోండి. నేను జరుగుతాను."

ఆయన కళ్ళు తెరిచి, "ఏవయ్యా ఫణీంద్రా!" అని పిలిచారు. ఫణీంద్ర పరుగున వచ్చాడు. "దీంట్లో ఐదుగురి కన్నా ఎక్కువమందిని ఎక్కిస్తే ఏమవుతుంది?"

"ఎక్కించకూడదండీ. బెల్టు పెట్టుకోకపోతే బండి అరుస్తుందండీ."

"ఎంతసేపు అరుస్తుంది?"

"పెట్టుకునేదాకా అరుస్తూనే ఉంటుందండీ."

"అరవనీ. నా వ్యాను ముప్పై ఏళ్ళు అరిచింది. బుకింగు మార్చు."

ఫణీంద్ర ఫైసల్ వైపు చూశాడు. ఫైసల్ దగ్గరికి వచ్చి తండ్రి మొహం చూశాడు, నా మొహం చూశాడు. ఏం జరిగిందో వాడికి తెలీదు. "ఇంకా గంటన్నర ఉందిగా పిన్నీ ఐదు గంటలకి" అన్నాడు. "అదీ అవనీ. అప్పుడు మార్చమందాం."

అదే న్యాయం అనిపించింది. గంటన్నర కూర్చున్నాం. నాలుగూ ఇరవైకి ఐదు గంటలు నిండాయి. ఎనభై ఎనిమిది శాతం ఉన్న బ్యాటరీ డెబ్భై రెండు దగ్గరుంది. మిషను ఒక్కసారి కూడా అరవలేదు. ఫైసల్ తల ఊపాడు. ఫణీంద్ర పక్కకి వెళ్ళి ఫోను చేసి వచ్చి, "మార్చేశానండీ" అన్నాడు. "నేనింక బయల్దేరనాండీ?"

"కాసేపు ఆగు బాబూ" అన్నాను. బావగారు మా ఆయన చిన్నప్పటి సంగతి ఏదో మొదలుపెట్టారు, ఇద్దరూ ఆసిడ్ తొట్టి వెనక దాక్కుని మామగారి చేత తిట్లు తిన్న సంగతి. నేనెప్పుడూ వినలేదది.

సానియా గుమ్మంలోంచి, "అమ్మా, చేపలు అలాగే ఉన్నాయి, ఎప్పుడు కోస్తావు? రాత్రికి పులుసు లేదా?" అని కేకేసింది.

"ఇవాళ కొయ్యను" అన్నాను. "బకెట్ మీద పళ్ళెం మూసి, పైన రాయి పెట్టు. ఎగిరి పడతాయి."

కుర్చీ కొంచెం దగ్గరికి జరుపుకున్నాను.

"ఆ, తొట్టి వెనక దాక్కున్నారు. తర్వాతండీ?"